భూమిలోని గొట్టము, పుస్తకములోని లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున సంచిక కొక చరిత్రవ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏ రాజవంశమును గూర్చియో, ఏ శాసనమును గూర్చియో వ్రాయుదునని వారనుకొనియుందురు. అట్టివి వ్రాయుటకు నాకంటె సమర్థులు ఈ సంచికలోనే యున్నారు. నేనెంచుకొన్నది మంచినీటి గొట్టము చరిత్ర. పాఠకులు నవ్వకుందురు గాక. రాజులు లేకున్నను ప్రజలు కొంతకాలము బ్రతుకుదురు గాని, నీరు లేక మూడు దినములు బ్రతుకలేరు.

ఈ ఆలోచన నాకు పుస్తకమువలన గాక గోతివలన కలిగినది. గత వేసవిలో పెద్దవీధిలో గొట్టము పగిలి నీరు రోడ్డుమీదికి వచ్చినది. నీరు పైకి వచ్చిన చోటనే గొట్టము పగిలియుండునని త్రవ్వించిరి, లేదు. నీరు పల్లము వెదకికొనుచు పోయి తనకిష్టమైన చోట పైకి వచ్చును. రెండవ గోయి త్రవ్విరి, గొట్టమే దొరకలేదు. తుదకు ముప్పది యేండ్లు నీళ్లు వదలి విశ్రాంతి తీసికొనియున్న పెద్దాయనను మంచముమీదినుండి పిలిపించిరి. ఆయన నిలువబడి చూచి, "వేపచెట్టుకు మూడు బారల దూరము తూర్పుగా" అనెను. వేపచెట్టు రోడ్డు వెడల్పు చేసినపుడే పోయినది. ఆయన చెట్టు లేని చోటును కన్నులు మూసికొని ఊహించి కఱ్ఱతో గీత గీసెను. మూడవ గోతిలో గొట్టము దొరకినది. పిమ్మట నేను పాత రికార్డు తీసి చూచితిని. గొట్టములు కొన్న సొమ్ము రూపాయలు పైసలతో సహా ఉన్నది. ఆ గొట్టములు ఏ వీధిలో ఏ వైపున ఎంత లోతున వేసిరో ఒక్క అక్షరమైనను లేదు.

అప్పటినుండి ఈ విషయముపై దొరకిన పుస్తకములు చదువుచుంటిని. చదివినకొలది ఇది మన ఊరి లోపము మాత్రమే కాదనియు, ఇందులకు రెండువేల సంవత్సరముల వంశావళి కలదనియు తెలిసినది.

రోమునగర ప్రజలు మొదటి 441 సంవత్సరములు టైబరు నదినీరు, బావులు, ఊటలు వీనితోనే తృప్తిపడిరి. క్రీ.పూ. 312లో మొదటి జలవాహిని కట్టబడినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దాంతమునకు అట్టివి తొమ్మిది నగరమునకు నీరు తెచ్చుచుండెను. కొండలలోని ఊటలనుండి రాతికాలువలలో వచ్చిన నీరు నగరములోని తొట్లలో చేరి, అచ్చటినుండి సీసపు గొట్టములలో స్నానశాలలకును, వీధిధారలకును, అనుమతి పొందిన ధనికుల యిండ్లకును పోయెడిది. సీసమును లాటిను భాషలో ప్లంబము అందురు. మన పట్టణములలో కుళాయి బాగుచేయువానిని ప్లంబరని పిలుచుచున్నాముగదా, ఆ మాటకు మూలమిదియే. చేతిలో ప్లాస్టిక్కు గొట్టము పట్టుకొని తిరుగుచున్నను పేరులో మాత్రము సీసము పోలేదు.

క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఈ జలవాహినుల అధికారమును సెక్స్టస్ జూలియస్ ఫ్రాంటినస్ అను నతని కప్పగించెను. ఇతడు అంతకుముందు బ్రిటను దేశమును పాలించిన సేనాని. ముసలితనమున వచ్చిన ఈ ఉద్యోగమును గౌరవపదవిగా భావించి యింట కూర్చుండక, క్రిందివారు చెప్పిన మాటలపై ఆధారపడి ఉద్యోగము చేయుట పెద్దమనిషికి సిగ్గుచేటని తలచి, ప్రతి కాలువను స్వయముగా చూచి, కొలిచి, తన ఉపయోగమునకై ఒక గ్రంథము వ్రాసికొనెను. అదృష్టవశమున అది నేటికిని నిలిచియున్నది. నేను ఎందఱో మహాకవులను చదివి ఆనందించితిని గాని, ఈ పొడి లెక్కల పుస్తకము గూర్చి చదివినపుడు కలిగినంత ఆప్తభావము మఱెక్కడను కలుగలేదు. లెక్కలు వ్రాయువాని బాధ లెక్కలు వ్రాయువానికే తెలియును.

ఆయన చేసిన మొదటి పని చిట్టా, ఆవర్జా సరిచూచుట. నీటిని కొలుచుటకు రోములో క్వినారియా అను ప్రమాణ ముండెను. అది మన అంగుళమునకు కొంచెము తక్కువ వ్యాసముగల గొట్టము. ప్రభుత్వ పుస్తకముల ప్రకారము నగరమునకు వచ్చు నీరు 12,755 క్వినారియాలు. అవే పుస్తకముల ప్రకారము పంచిపెట్టబడిన నీరు 14,018. అనగా వచ్చినదానికంటె పోయినది 1,263 ఎక్కువ. కొట్టులో నూరు బస్తాలు పోసి నూటపది బస్తాలు పంచితినని వ్రాసినట్లున్నది! తన ఉద్యోగములో మొదటి ఆశ్చర్యము ఇదియేనని ఫ్రాంటినస్ వ్రాసికొనెను. వెంటనే తొమ్మిది కాలువల మొదళ్లకు పోయి కొలిపింపగా మఱియొక వింత బయటపడినది. నిజముగా వచ్చుచున్న నీరు పుస్తకములోని దానికంటె దాదాపు పదివేల క్వినారియాలు ఎక్కువ. కాగా నీటికి కొఱత లేదు, లెక్కకే కొఱత. ఆ పదివేలు ఎక్కడికి పోవుచున్నవని అతడు భూమిలోనికి చూడ మొదలుపెట్టెను.

అచ్చట కనబడిన విద్యలు మన గ్రామీణులకు క్రొత్తవి కావు. గొట్టములకు ప్రభుత్వము నిర్ణయించిన కొలతలు ఇరువదియైదు కలవు. వానిలో నాలుగింటిని నీటి పనివారు మార్చివేసిరి. నూటి గొట్టమును, నూట యిరువది గొట్టమును ఉండవలసినదానికంటె వెడల్పు చేసిరి. ఇరువది గొట్టమును ఇఱుకు చేసిరి. కారణము విచారింపగా, వారు పెద్ద గొట్టములతో నీరు తీసికొని, ఇరువది గొట్టముతో ప్రజలకు పంచుచుండిరి. పూర్వము కొందఱు షావుకార్లు ధాన్యము కొలుచుకొనుటకొక కుంచము, కొలిచి యిచ్చుటకొక కుంచము ఉంచుకొనెడివారని మన పెద్దలు చెప్పుటలేదా! టైబరు ఒడ్డున ఉన్నను, కృష్ణ ఒడ్డున ఉన్నను కుంచమునకు నీతి ఒక్కటే.

ఇంకొక విద్య: ఒకరి నీటి హక్కు మఱియొకరికి మారినపుడు, పనివారు తొట్టికి క్రొత్తవాని పేర మఱియొక రంధ్రము వేసి, పాత రంధ్రమును మూయక, దానిలోని నీటిని తామే అమ్ముకొనెడివారు. అన్నిటికంటె గొప్పది వీధిరాళ్ల క్రింద జరిగినది. నగరమంతట రాతిపఱపు క్రింద రహస్యముగా గొట్టములకు బెజ్జములు వేసి, దారిలోనున్న అంగళ్లకు నీరిచ్చి డబ్బు తీసికొనెడివారు. ఈ పనికొక మనిషియు, ఆతని కొక ఉద్యోగనామమును గూడ నుండెనట. బెజ్జముల అధికారి యని చెప్పదగును. ఫ్రాంటినస్ ఆ దొంగగొట్టములను పెఱికించినపుడు గుట్టలుగా దొరకిన సీసమే ఆ దొంగతన మెంతటిదో తెలిపెను. ఆయన చేతిక్రింద మొత్తము 700 మంది బానిసలు పనిచేయుచుండిరి. అందులో 240 మంది ప్రజలకు, 460 మంది చక్రవర్తికి చెందినవారు. వీరిలో వీధిరాళ్లు తీసి మరల పఱచుటకే ప్రత్యేకముగ పనివా రుండెడివారు. గొట్టము బాగుచేసి రోడ్డు పూడ్చక పోవు నేటి కాంట్రాక్టర్లు ఈ వాక్యమును గమనింతురు గాక.

సీసము మంచిది కాదని రోమనులకు తెలియదా యన్నచో, తెలియును. ఫ్రాంటినస్‌కు నూరేండ్లకు పైగా ముందే విట్రూవియస్ అను శిల్పి తన వాస్తుగ్రంథపు ఎనిమిదవ భాగమున, సీసపు పనివారి ముఖములు పాలిపోయియుండుటను చూపి, మట్టిగొట్టపు నీరే ఆరోగ్యకరమని వ్రాసెను. అదే అధ్యాయములో సీసపు గొట్టములు పది అడుగులకు తక్కువ ఉండరాదని, ఏ కొలతకెంత బరువుండవలెనో వివరముగా చెప్పెను! చెడ్డదని చెప్పుటయు, చేయు విధము నేర్పుటయు ఒక్కచోటనే. మన అమరకోశమున సీసమునకు నాగమను పేరు కలదు. రసశాస్త్రకారులు దీనిని వంగముతోపాటు పూతిలోహములలో చేర్చి, శుద్ధి చేయనిదే మందులో వాడరాదనిరి. పామను పేరు పెట్టినవా రెవరో గాని ఊరక పెట్టలేదని నాకు తోచును.

సీసపు నీటివలననే రోమక సామ్రాజ్యము పడిపోయినదని కొందఱు వ్రాసిరి. అది అతిశయోక్తి. రోము నీరు సున్నపుపాలు గల నీరు. గొట్టము లోపల సున్నపు పొర కట్టుచుండెను. పైగా నీరు రాత్రింబగళ్లు పాఱుచుండుటచే గొట్టములో నిలువయుండెడిది కాదు. పాత రేవులోని మట్టిని పరీక్షించి 2014లో పండితులు ప్రకటించిన దానిబట్టి, రోము గొట్టపు నీటిలో ఊటనీటికంటె నూరు రెట్ల వఱకు సీస ముండి యుండును గాని, అది సామ్రాజ్యమును కూల్చునంతటిది కాదు.

ఈ సున్నపు పొర మాట ముఖ్యమైనది గనుక కొంచెము వివరింతును. కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసు కాచరాదని మన యిండ్లలోని స్త్రీలందఱికి తెలియును. పులుపు లోహమును కొఱికి చిలుము పుట్టించును. కళాయి ఉన్నంతవఱకు భయము లేదు. సీసపు గొట్టము సంగతియు అంతే. లోపల పొర కట్టియున్నంతకాలము అందులోని నీరు కొంతవఱకు క్షేమము. నీటి గుణము మారినచో ఆ పొర కరగిపోవును. సీసము నీటిలో దిగును. అట్టి నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో భేదము లేదు. అది కడుపులో చేరినపుడు శరీరము దానిని సున్నముగా భ్రమించి ఎముకలలో దాచుకొనును. పెద్దలకంటె పసిపిల్లల కది మిక్కిలి హాని. మెదడు ఎదుగుదలను కుంటుపఱచును. పిల్లల రక్తములో ఇంత సీసమున్నను భయము లేదని చెప్పదగిన హద్దు ఏదియు లేదని నేటి వైద్యుల నిశ్చయము.

ఇందులో ఒక విపరీతము కలదు. నీరెంత స్వచ్ఛమైనదో సీసమున కంత ప్రమాదకరము. స్కాట్లండులోని గ్లాస్గో నగరము కలరాతో నశించుచుండగా కాట్రీను సరస్సునుండి కొండనీరు తెచ్చిరి. 1859 అక్టోబరులో విక్టోరియా రాణి ఆ నిర్మాణమును ప్రారంభించినది. కలరా పోయినది, ప్రజలు దీవించిరి. కాని సున్నము లేని ఆ మృదుజలము యిండ్లలోని సీసపు గొట్టములను, సీసపు తొట్లను మెల్లమెల్లగా నాకివేయుచుండెను. నీటిలో సున్నము కలుపు ఏర్పాటు చేసినది 1970 తరువాతి దశకపు చివరి భాగముననే. నూరేండ్లకు పైబడిన ఆలస్యము! ఇంగ్లండులోని షెఫీల్డులోను 1880 తరువాత ఇట్టి మృదుజలము వలననే అనేకులకు సీసరోగము కలిగినది.

తెలిసియు ఏల వాడిరి? అమెరికాదేశపు చరిత్ర దీనికి సమాధానము చెప్పును. ఇనుపగొట్టము పదునాఱేండ్లలో త్రుప్పుపట్టునట్టిచోట సీసపుది ముప్పదియైదేండ్లు మన్నునని ఆనాటి లెక్క. పైగా సీసము మెత్తన. పునాదిరాళ్ల చుట్టును చెట్టువేళ్ల చుట్టును త్రాడువలె వంగును. 1900 నాటికి ముప్పదివేలకు మించిన జనాభాగల అమెరికా నగరములలో నూటికి డెబ్బదింటికి పైగా సీసపు గొట్టములు వాడుచుండెను. మాసచూసెట్సు రాష్ట్రపు వైద్యులు అంతకుముందే హెచ్చరించియుండిరి. కొన్ని నగరములు మానుకొనెను. కాని 1928లో సీసపు వ్యాపారులు సంఘముగా ఏర్పడి, ప్లంబర్లకు, పురపాలకులకు బోధించి, సీసపు గొట్టమునే వాడవలెనని నిబంధనలలో వ్రాయించుటకు పాటుపడిరి. షికాగో నగరములో సీసపు గొట్టము వాడవచ్చుననుట కాదు, వాడితీరవలెనను నిబంధన 1986లో దేశమంతటను దానిని నిషేధించువఱకు నిలిచినది.

నిషేధము క్రొత్త గొట్టములకు మాత్రమే. భూమిలో నున్నవానిని ఎవరు తీయవలెను? ఇచ్చట మన రెవెన్యూ భాషలో చెప్పిన త్వరగా అర్థమగును. వీధి పోరంబోకు, ఇల్లు పట్టా. వీధిలోని పెద్దగొట్టమునుండి యింటికి పోవు చిన్నగొట్టము సగము పోరంబోకులో నుండును, సగము పట్టాలో నుండును. నగరమువారు తమ సగమునే తాము మార్చెదమనిరి. యింటి యజమాని తన సగమునకు సొమ్ము లేదనెను. నీటికి హద్దురాయి తెలియదు.

ఈ సగము పని యొక్క ఫలము వాషింగ్టను నగరములో కనబడినది. 2000 నవంబరులో అచ్చటివారు నీటిని శుద్ధిచేయు క్లోరినుకు బదులు క్లోరమైను వాడ మొదలిడిరి. ఉద్దేశము మంచిదే. కాని ఆ మార్పుచే గొట్టముల లోపలి పాత పొర కరగి, సీసము నీటిలో కలిసినది. 2004 ఆరంభమున పత్రికలు ఆ సంగతిని వెల్లడించువఱకు సామాన్యులకు తెలియలేదు. అంతట నగరమువారు కోట్ల డాలర్లు ఖర్చుచేసి వీధివైపు సగము తీసి రాగి గొట్టమును అతికిరి. కోతకు, కుదుపుకు లోపలి పొర రాలినది. రాగియు సీసమును ఒకటిగా చేరినచోట సీసము ఇంకను త్వరగా తినబడినది. 2011లో ప్రకటింపబడిన ప్రభుత్వ వైద్యుల పరిశీలన యట్టి సగము మార్పువలన పిల్లల కేమియు మేలు కలుగలేదని తేల్చినది. పని చేసితిమని పుస్తకములో వ్రాసికొనుటకు మాత్రము పనికివచ్చినది.

దీనికి భిన్నముగ మాడిసను అను చిన్న నగరమువారు ముందే మేల్కొనిరి. పొర కట్టుటకు నీటిలో భాస్వరపు ఉప్పు కలుపుట వాడుక. ఆ భాస్వరము తుదకు మురుగుతో పోయి తమ ఊరి సరస్సులను పాచిపట్టించునని వారు వెనుకాడిరి. కనుక మందు మాని, రోగమూలమునే పెఱకుదమని నిశ్చయించి, 2001 మొదలు 2012 వఱకు దాదాపు 8,000 సీసపు గొట్టములను, వీధిసగము యింటిసగము అను భేదము లేక, తీసివేసిరి. యింటివారి ఖర్చులో సగము, వేయి డాలర్లకు మించకుండ, నగరము తిరిగి యిచ్చెను. నీటిపన్ను సొమ్ము ప్రైవేటు గొట్టమునకు వాడరాదని చట్టము అడ్డువచ్చెను. అంతట వారు నీళ్లటాంకుల నెత్తిన సెల్ ఫోను స్తంభములు పెట్టుకొననిచ్చి, ఆ అద్దెతో భూమిలోని గొట్టములు మార్చిరి. చట్టమును ఉల్లంఘింపకయే పని నెఱవేర్చుకొనిన ఈ యుక్తిని చదివి నేను చాలసేపు నవ్వుకొంటిని.

ఫ్లింటు నగరపు కథలో నవ్వున కవకాశము లేదు. సుమారు లక్ష జనముగల ఆ పారిశ్రామిక నగరము పేదదై, ఖర్చు తగ్గించుటకు 2014 ఏప్రిలు 25న డెట్రాయిటునుండి వచ్చు సరస్సునీరు మాని ఫ్లింటునది నీరు వాడ మొదలుపెట్టినది. డెట్రాయిటు నీటిలో భాస్వరపు ఉప్పు కలుపుచుండిరి, నదినీటిలో కలుపలేదు. నీరు రంగు మారినది, ప్రజలు సీసాలతో పట్టుకొనిపోయి అధికారులకు చూపిరి. నీరు క్షేమమే యని జవాబు వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో మోటారు ఇంజనుల కర్మాగార మొకటి, ఈ నీటికి తమ యంత్రభాగములు త్రుప్పుపట్టుచున్నవని వేరు నీరు తెచ్చుకొనెను. ఇనుమునకు పనికిరాని నీరు పిల్లలు మఱియొక సంవత్సరము త్రాగిరి. 2015లో మార్క్ ఎడ్వర్డ్స్ అను ఆచార్యుడు యింటింటి నీరు పరీక్షించి సీసమున్నదని చెప్పెను. మోనా హన్నా అటీషా అను పిల్లల వైద్యురాలు ఆసుపత్రి రక్తపరీక్షల లెక్కలు తీసి, నీరు మారిన పిమ్మట పిల్లల రక్తములో సీసము పెరిగినదని సెప్టెంబరులో బహిరంగపఱచెను. మొదట ఆమె లెక్క తప్పనిరి. అక్టోబరులో పాతనీటికి మరలిరి.

గొట్టములు తీయవలెనని తీర్మానమైన తరువాత మన పెద్దవీధి సమస్యయే అచ్చటను ఎదురైనది. ఏ యింటికి సీసపు గొట్టమున్నదో ఎవరికిని తెలియదు. నగర కార్యాలయములో వేలకొలది చేతివ్రాత చీటీలు, పెన్సిలు గుర్తులుగల పాతపటములు ఉన్నవి. అందు కొన్ని చెదలు తినినవానికంటె అన్యాయముగ తప్పులతో నిండియున్నవి. అంతట విశ్వవిద్యాలయపు పండితులు ఇల్లు కట్టిన సంవత్సరము, విలువ, ఉన్నచోటు మొదలగు వివరములను గణనయంత్రములకిచ్చి, ఏ యింట సీసముండ వచ్చునో ఊహించు పద్ధతి నేర్పఱచిరి. 2017లో ఆ పద్ధతిని అనుసరించి త్రవ్విన పది గోతులలో దాదాపు ఏడింట మార్చవలసిన గొట్టము దొరకినది. మఱుసటి సంవత్సరము ఆ పద్ధతి మానిరి. ప్రక్కింట త్రవ్వి మాయింట ఏల త్రవ్వరని ప్రజలు అడుగుచుండిరి. వరుసగా అన్ని యిండ్లు త్రవ్వుదమనిరి. అంతట నూటికి పదునైదు గోతులలో మాత్రము సీసము దొరకినది. మిగిలినవి త్రవ్వి పూడ్చుటయే. ప్రజలను తప్పుపట్టలేము. ఒకమాఱు నీరు మంచిదని చెప్పి మోసపుచ్చిన పుస్తకమును, మీ గొట్టము మంచిదని చెప్పినపుడు ఎవరు నమ్ముదురు? న్యాయస్థానపు టొడంబడికపై 2019లో పాత పద్ధతికే మరలిరి. దాదాపు 11,000 గొట్టములు మార్చి పని ముగిసినదని న్యాయస్థానమునకు తెలిపినది 2025 జూలైలో.

న్యూవార్కు నగరమువారు ఈ ఆలస్యమును చూచి గుణపాఠము నేర్చిరని చెప్పవచ్చును. అచ్చట 2017లో నీటిలో సీసము హద్దు మీఱినది. ఆ హద్దు అమెరికాలో లీటరుకు 15 మైక్రోగ్రాములు. మొదట యింటివారు వేయి డాలర్ల వఱకు భరింపవలెననిరి. ఆ నగరములో సుమారు ముప్పాతికమంది అద్దెయిండ్లవారు; యజమాని ఎక్కడనో ఉండును, నీరు త్రాగునది అద్దెకున్న తల్లియు బిడ్డలును. యజమాని కనబడడు, సంతకము దొరకదు. 2019లో రెండు పనులు జరిగినవి. 12 కోట్ల డాలర్ల ఋణము తెచ్చి, యింటివారి కేమియు ఖర్చు లేకుండ చేసిరి. యజమాని అనుమతి లేకున్నను యింటిలోనున్నవారి సమ్మతితో ఆవరణలోనికి పోయి గొట్టము మార్చుటకు నగరసభవారు శాసనము చేసిరి. ఆ తరువాత పని ఎట్లు సాగినదో చూడుడు. వీధిలో నొక గోయి, యింటిదగ్గఱ నొక తావు. పాత సీసపు గొట్టమునకు ఉక్కుత్రాడు కట్టి లాగుచుండగా, దాని వెనుకనే క్రొత్త రాగిగొట్టము అదే దారిలో దూరివచ్చెడిది. పాము కుబుసము విడిచినట్లని నాకు తోచినది. దినమునకు 120 గొట్టముల వఱకు మార్చుచు, మూడేండ్లలోపుననే 23,000 పైచిలుకు పూర్తిచేసిరి. 2023 నాటి అంచనాలో ఆ దేశమున 92 లక్షల సీసపు గొట్టములు మిగిలియుండెను. పదేండ్లలో తీయవలెనను నియమము 2024 అక్టోబరులో వెలువడుటకు ఈ నగరపు దృష్టాంతము కొంత కారణము.

అయినను అదే 2024లో న్యూవార్కునుండి మఱియొక వార్త వచ్చినది. పనిచేసిన ఉపకాంట్రాక్టర్లలో నొకరు కొన్ని యిండ్లవద్ద సీసపు గొట్టమును భూమిలోనే విడిచి, రాగి కనబడునట్లు ఛాయాచిత్రములు తీసి పంపి డబ్బు తీసికొనిరని ప్రభుత్వము అభియోగము మోపినది. నగరమువారు మరల గోతులు త్రవ్వి పరీక్షింపవలసివచ్చినది. నేరము నిరూపించుట న్యాయస్థానపు పని. నాకు మాత్రము ఆ వార్త చదువునపుడు, రాళ్లపఱపు లేపించి క్రిందికి వంగి చూచుచున్న ఫ్రాంటినస్ కన్నులయెదుట నిలిచెను. ఆయనకాలమున పుస్తకము, నేడు ఛాయాచిత్రము. భూమిలో నున్నది మాత్రము భూమిలోనే యున్నది.

మన ఊరిలో సీసపు గొట్టములు లేవు గదా యని కొంద ఱనవచ్చును. ఇచ్చట మొదట ఇనుపవి, తరువాత ప్లాస్టిక్కువి వేసిరి. కాని ప్లాస్టిక్కు గొట్టము తయారగునపుడు వేడికి చెడకుండుటకై సీసపు లవణములు కలుపు వాడుక మన దేశమున చాలకాల ముండెను. దానిని అరికట్టుటకు భారత ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. అంతకుముందు వేసినవానిలో ఏది ఎట్టిదో, ఏ సంవత్సరము కొన్నదో తెలియవలెనన్న మరల పుస్తకమే తీయవలెను. మన పుస్తకములో ఏమున్నదో మొదటనే చెప్పితిని.

కావున ఈ సంవత్సరము దసరా సెలవులలో, ఆ పెద్దాయనను కుర్చీలో కూర్చుండబెట్టి వీధివీధికి త్రిప్పితిమి. ఆయన చూపినచోటెల్ల హైస్కూలు పిల్లలు గొలుసు పట్టి కొలిచిరి, నేను వ్రాసికొంటిని. చెట్లను గుర్తుగా పెట్టలేదు. దేవాలయపు ధ్వజస్తంభము, పాఠశాల మెట్టు, చెఱువుతూము, ఈ మూడింటినుండియే దూరములు వేసితిమి. పదునొకండు చోట్ల ఆయనకు జ్ఞప్తి లేదు; అచ్చట పటమున ఊహించి గీయక ఖాళీ విడిచితిని. పటము మూడు ప్రతులు సిద్ధమైనవి. ఒకటి పంచాయతీ కార్యాలయమున నున్నది. ఒకటి నీళ్లు వదలు అబ్బాయివద్ద నున్నది. మూడవది మన గ్రంథాలయమున, తూర్పు కిటికీ ప్రక్క బీరువాలో, క్రింది అరలో నున్నది. గొట్టము మార్చినవారు తేదీతో సహా అందులో వ్రాసి సంతకము చేయుటకు వెనుక తెల్లకాగితములు కుట్టించితిని.